టెస్టింగ్‌కు ర్యాండమ్ తేదీలు: రోజు, నెల విడివిడిగా తీయకండి

బిల్లుల ప్రోగ్రామును పరీక్షించడానికి స్క్రిప్టులో వందలకొద్దీ తేదీలు పుట్టించాలన్నారు. సంవత్సరం, నెల, రోజు విడివిడిగా తీస్తే ఫిబ్రవరి 30 లాంటివి వస్తున్నాయి కాబట్టి రోజును 28 దగ్గర ఆపేశానని, అది సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. ఎర్రర్ రావడం ఆగిందే తప్ప, 29, 30, 31 తేదీలన్నీ మీ పరీక్షలోంచి జారిపోయాయి. వాటిలో మార్చి 31 కూడా ఉంది. ఆర్థిక సంవత్సరం ముగిసే రోజును ఎన్నడూ చూడని బిల్లుల ప్రోగ్రామును నేనైతే నమ్మను.

నెల, రోజు జోలికి వెళ్లకుండా ఒక మొదటి తేదీ పెట్టుకుని, దానికి ర్యాండమ్‌గా కొన్ని రోజులు కలపండి. 2015 జనవరి 1 నుంచి 2024 డిసెంబరు 31 వరకు 3653 రోజులు. 0 నుంచి 3652 లోపు ఒక సంఖ్య తీసి మొదటి తేదీకి కలిపితే వచ్చేది ఎప్పుడూ క్యాలెండరులో ఉన్న తేదీయే. లీపు సంవత్సరాల లెక్క లైబ్రరీయే చూసుకుంటుంది. పైథాన్‌లో ‘ఇన్ని రోజులు’ అనే వ్యవధిని పట్టుకునే టైమ్‌డెల్టాతో కలపవచ్చు, లైనక్స్‌లో డేట్ కమాండే ఆ కూడిక చేస్తుంది. లైనక్స్‌లో కమాండ్లు నడిపే బ్యాష్‌లో ఒక జాగ్రత్త అవసరం. అందులోని ర్యాండమ్ అనే వేరియబుల్ 32767 దాటి సంఖ్య ఇవ్వదు. రోజులుగా వాడితే దాదాపు 89 ఏళ్లు వస్తాయి కాబట్టి ఇబ్బంది లేదు. సెకన్లుగా వాడితే మాత్రం 9 గంటల 6 నిమిషాల 7 సెకన్లు మించదు. అర్ధరాత్రి నుంచి మొదలుపెడితే వంద రికార్డులూ ఒకే రోజున పడతాయి.

ఇక నేను గట్టిగా పట్టుబట్టేది సీడ్ విషయంలో. ర్యాండమ్ సంఖ్యల వరుసను మొదలుపెట్టే సంఖ్యే సీడ్; మిగతావన్నీ అలాగే ఉంటే, అదే సీడ్‌తో మళ్లీ అవే సంఖ్యలు వస్తాయి. మాది నెల్లూరు. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌కు పరీక్షలు రాస్తుంటాను. ఒకసారి రాత్రి నడిచిన పరీక్ష ఆగిపోయింది, ఉదయం మళ్లీ నడిపితే ఏ గొడవా లేకుండా పూర్తయింది. లాగ్‌లో సీడ్ సంఖ్య ఉండబట్టి అదే సీడ్‌తో నడిపి కారణం పట్టుకోగలిగాం. ఒక చెరువులో రొయ్య పిల్లలు వదిలిన తేదీగా 2024 ఫిబ్రవరి 29 వచ్చింది. నిరుడు ఇదే రోజుతో పోల్చే రిపోర్టు ఆ తేదీలో సంవత్సరాన్ని మాత్రం 2023గా మార్చబోయింది. లేని రోజు కాబట్టి పైథాన్ ఒప్పుకోలేదు. సీడ్ రాసి ఉండకపోతే ఆ తప్పు రైతు ఫోనులోనే బయటపడేది. అందుకని ప్రతిసారీ సీడ్‌ను లాగ్‌లో మొదటి వరుసలోనే రాయించండి. బ్యాష్‌లోనైతే ర్యాండమ్‌కు మొదట ఒక సంఖ్య ఇస్తే అదే సీడ్ అవుతుంది. చివరి తేదీగా ‘ఈ రోజు’ అని మాత్రం పెట్టవద్దు. రేపటికి పరిధి మారుతుంది, అదే సీడ్ ఇచ్చినా వేరే తేదీలు రావచ్చు.

తేదీల మధ్య సంబంధం కూడా చూసుకోండి. చెరువు రికార్డులో పిల్లలు వదిలిన తేదీ, మేత వేసిన తేదీలు, పట్టుబడి (పెరిగిన రొయ్యలు పట్టే) తేదీ ఉంటాయి. వీటిని ఒక్కొక్కటిగా తీస్తే పిల్లలు వదలకముందే పట్టుబడి అయిపోతుంది. వదిలిన తేదీని ర్యాండమ్‌గా తీసి, దానికి 90 నుంచి 120 రోజులు కలిపి పట్టుబడి తేదీ చేస్తాను. తెల్లమచ్చ రోగం తగిలితే 40 రోజులకే చెరువు ఖాళీ చేయాల్సి రావచ్చు కాబట్టి అలాంటి పొట్టి పంటలు కొన్ని కావాలనే కలుపుతాను. మీ బిల్లుల్లోనూ బిల్లు తేదీ, గడువు తేదీ, చెల్లింపు తేదీ ఇలాగే ఒకదాని మీద ఒకటి ఆధారపడాలి. గడువు దాటిన చెల్లింపులు కొన్ని తప్పక ఉండాలి.

అయినా ర్యాండమ్ తేదీలు ఎన్ని పుట్టించినా ముఖ్యమైన రోజు తగులుతుందన్న హామీ లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో కందుకూరు ప్రాంతం ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు వచ్చింది. ఆ ప్రాంతంలోని గుడ్లూరు, ఉలవపాడు మండలాల రికార్డుల్లో ఆ ఏడాది ఏప్రిల్ 3న ఒక జిల్లా, 4న ఇంకో జిల్లా కనిపించాలి. పైన చెప్పిన పదేళ్ల పరిధిలో 100 తేదీలు తీసినా ఆ ఒక్క రోజు వచ్చే అవకాశం 3 శాతం కూడా లేదు. అలాంటివి చేత్తో రాసి పెట్టాల్సిందే. నా స్క్రిప్టులో ఆ రెండు రోజులు, మార్చి 31, ఏప్రిల్ 1, ఫిబ్రవరి 28, 29, డిసెంబరు 31 ప్రతిసారీ నడుస్తాయి. జనవరి 31కి ఒక నెల కలిపితే ఏం వస్తుందో కూడా చూస్తాను.

సమయం కూడా నమోదు చేస్తుంటే తెల్లవారుజాము వేళలు కలపండి. చెరువులో ప్రాణవాయువు బాగా పడిపోయేది అప్పుడే కాబట్టి మా వాళ్లు 4 గంటలకు కొలిచి ఫోనులో ఎక్కిస్తారు. సర్వరు యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడిస్తే అది ముందు రోజు రాత్రి 10:30. ఏప్రిల్ 1 నాటి నమోదు మార్చి 31కి, అంటే పోయిన ఆర్థిక సంవత్సరంలోకి జరిగిపోతుంది. పగటి వేళలతోనే పరీక్షిస్తే ఇది ఎన్నటికీ దొరకదు, ఎందుకంటే మనకు ఉదయం 5:30 దాటాక రెండు చోట్లా తేదీ ఒకటే.

మీరు ఎక్సెల్ ఫైళ్ల నుంచి తేదీలు తెచ్చుకుంటున్నారని కూడా రాశారు. రోజు, నెల తారుమారైతే 25/04 వెంటనే పట్టుబడుతుంది, 03/04 మాత్రం నోరెత్తకుండా మార్చి 4 అయి కూర్చుంటుంది. రోజు 12 లోపు ఉన్న తేదీలు కొన్ని పెట్టి, లోపలికి వెళ్లాక నెల పేరును అక్షరాల్లో తీసి సరిచూడండి.