ఎమ్మెస్ అయింది, ఉద్యోగం రాలేదు: రెండో మాస్టర్స్ చేయించాలా, వెనక్కి పిలవాలా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో డేటా సైన్స్‌లో ఎమ్మెస్ మే నెలలో పూర్తి చేసింది. ఓపీటీ (చదువయ్యాక అక్కడ పని చేయడానికి ఇచ్చే అనుమతి) మొదలై ఏడు వారాలైంది, ఉద్యోగం రాలేదు. 11 శాతం వడ్డీకి 40 లక్షల లోను తీసుకున్నాం. ఇక్కడి కన్సల్టెన్సీ ఆయన ‘డే వన్ సీపీటీ ఉన్న కాలేజీలో రెండో మాస్టర్స్‌లో చేర్పించండి, చదువుతూనే ఉద్యోగం చేసుకోవచ్చు’ అంటున్నారు. వచ్చిన సంబంధం వాళ్లేమో హెచ్1బీ (అమెరికా వర్క్ వీసా) వచ్చాక మాట్లాడదాం అన్నారు. అమ్మాయి ఈ మధ్య ఫోన్ సరిగా ఎత్తడం లేదు. రెండో మాస్టర్స్ మంచిదా, వెనక్కి రావడం మంచిదా? పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, పల్నాడు జిల్లా

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఫోన్ ఎత్తకపోవడం. దాన్ని మీరు లోను తర్వాత, కన్సల్టెన్సీ తర్వాత, సంబంధం తర్వాత రాశారు.

కాన్వొకేషన్ల సీజన్ అయ్యాక ఏటా నాకు ఇలాంటి ఉత్తరాలే వస్తాయి. యూనివర్సిటీ పేరు, లోను అంకె మారతాయంతే. పిల్ల ఉద్యోగం లేకుండా తిరిగొస్తే నలుగురికీ ఏం చెప్పుకోవాలన్నదే అందరి దిగులూ. మీరు ఆ మాట రాయలేదు, కానీ సంబంధం సంగతి ఎత్తారు కాబట్టి అర్థమైంది. దాని గురించి తర్వాత మాట్లాడదాం. ముందు రెండో మాస్టర్స్ విషయం తేల్చాలి, ఎందుకంటే తొందరపడితే నష్టం అక్కడే.

సీపీటీ అంటే చదువులో భాగంగా పని చేయడానికి కాలేజీ ఇచ్చే అనుమతి. మామూలుగా ఒక విద్యా సంవత్సరం చదివాకే ఇస్తారు. మొదటి రోజు నుంచే పని తప్పనిసరి అయిన పీజీ కోర్సులకు మాత్రం నిబంధనల్లో మినహాయింపు ఉంది. ఆ సందు పట్టుకుని కొన్ని కాలేజీలు దీన్నే వ్యాపారం చేసుకున్నాయి. చట్టవిరుద్ధమని నేను అనను. అయితే మీ కన్సల్టెన్సీ ఆయన చెప్పని విషయం ఒకటుంది. వేరే కాలేజీకి బదిలీ అయిన వెంటనే ఇప్పుడున్న ఓపీటీ రద్దవుతుంది. మీ అమ్మాయికి 12 నెలల ఓపీటీ ఉంది. సరైన ఉద్యోగం దొరికితే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులవాళ్లకిచ్చే పొడిగింపు కింద మరో 24 నెలలు వస్తుంది. మొత్తం మూడేళ్లు. రెండో మాస్టర్స్ అదే స్థాయి చదువు కాబట్టి దానికి మళ్లీ ఓపీటీ రాదు. అంటే చేతిలో ఉన్న మూడేళ్ల అవకాశాన్ని వదులుకుని, పైగా ఫీజు కట్టి, అంతకంటే తక్కువ రకం అనుమతి కొనుక్కోవడం. పైగా ఉద్యోగం దొరకనివాళ్లకు సీపీటీ ఉద్యోగం ఇప్పించదు. పని చేయడానికి అనుమతి ఇస్తుందంతే. ఆ అనుమతి మీ అమ్మాయికి ఇప్పటికే ఉంది!

తర్వాత తలనొప్పులు వేరే. హెచ్1బీకి మారేటప్పుడు, క్లాసులకు నిజంగా వెళ్లావా, ఉద్యోగం ఒక రాష్ట్రంలో కాలేజీ ఇంకో రాష్ట్రంలో ఎలా కుదిరింది, ఆ పనికి కోర్సుతో ఏం సంబంధం అని అధికారులు ఆధారాలు అడుగుతారు. తృప్తి చెందకపోతే స్టేటస్ మార్పు, అంటే దేశం దాటకుండానే వీసా రకం మార్చుకోవడం, నిరాకరిస్తారు. 2025 సెప్టెంబరులో ప్రకటించిన లక్ష డాలర్ల ఫీజు, అమెరికాలోనే ఉండి ఎఫ్1 (స్టూడెంట్ వీసా) నుంచి హెచ్1బీకి మారేవాళ్లకు వర్తించదు. కానీ స్టేటస్ మార్పుకు అర్హత లేదని తేలితే వర్తిస్తుంది. అంత డబ్బు ఫ్రెషర్ కోసం ఏ కంపెనీ కడుతుంది?

2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం వ్యవహారంలో మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు, గుర్తుండే ఉంటుంది. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు యూనివర్సిటీయే కాదని, ఇమిగ్రేషన్ అధికారులే నడిపిన వల అని తేలింది. పాఠాల్లేవు, అధ్యాపకుల్లేరు. వందకు పైగా భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు, వాళ్లలో చాలామంది తెలుగువాళ్లు. వాళ్లను చేర్పించి కమీషన్ తిన్న దళారుల్లోనూ తెలుగువాళ్లున్నారు. అన్ని సీపీటీ కాలేజీలూ అలాంటివి కావు. కాకపోతే మీకు ఈ సలహా ఇచ్చినాయనకు కాలేజీ నుంచి ఎంత ముడుతుందో ఒకసారి మొహమాటం లేకుండా అడగండి.

అదే వరుసలో రేపు ఇంకొకాయన వస్తాడు. ‘రెజ్యూమేలో ఏడేళ్ల అనుభవం పెడదాం, ఇంటర్వ్యూ మావాడు మాట్లాడతాడు’ అంటాడు. వద్దు. ఉత్తుత్తి కంపెనీల్లో ఓపీటీ చూపించినవాళ్లకు తర్వాత వీసాలు నిరాకరించిన సంగతి అమ్మాయికి తెలిసే ఉంటుంది. మీరు ఒత్తిడి పెట్టకపోతే ఆమె ఆ దారి పట్టదు.

ఇక మీతో ఒక మాట కటువుగా చెప్పాలి. రోజూ మీరు చేసే ఫోన్‌లో మొదటి ప్రశ్న ‘ఏమైనా వచ్చిందా?’ అనే అయి ఉంటుంది. మీకు రాత్రి భోజనాల వేళ అంటే ఆమెకు ఉదయం. అప్పుడే లేచి, రాత్రి వచ్చిన రిజెక్షన్ మెయిళ్లు చూసుకుంటూ ఉంటుంది. ఆ సమయంలో మీరు టెన్షన్ పడుతున్నారని వినడం ఆమెకు ఇంకో రిజెక్షన్. కాన్వొకేషన్ ఫొటో వచ్చినప్పుడు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుని ఉంటారు. ఆ రెండేళ్లలో ఆమె ఏం చదివిందో ఎప్పుడైనా అడిగారా? ఇంటర్ హాస్టల్‌లో, బీటెక్ కాలేజీ బస్సులో గడిపేసిన పిల్ల నలుగురితో అపార్ట్‌మెంట్ పంచుకుని, వండుకుని, సెమిస్టర్‌కు తొమ్మిది క్రెడిట్లు చదివి, క్లాసు ముందు నిలబడి తన ప్రాజెక్టు ఇంగ్లీషులో సమర్థించుకుంది. డిగ్రీ అంటే ఇదంతా. ఉద్యోగం రాకపోతే ఇందులో ఒక్కటీ వెనక్కి పోదు.

నేను ఆ అమ్మాయితో మాట్లాడితే ముందు చేయించేది కూడా అదే. రెండేళ్లలో ఏ ప్రాజెక్టులో ఏ భాగం తన చేత్తో చేసింది, ఎక్కడ ఆగిపోయింది, ఎలా బయటపడింది అని కాగితం మీద రాయమంటాను. మన పిల్లల రెజ్యూమేలన్నీ ఒకే అచ్చులో పోసినట్లు ఉంటాయి, టీమ్ చేసిన పనిలో తనది ఏదో కనిపించదు. రెండోది, ‘డేటా సైంటిస్ట్’ అన్న హోదా కోసమే వెతకొద్దంటాను. ఎనలిస్ట్ పోస్టులు, ముఖ్యంగా యూనివర్సిటీల్లోని ఉద్యోగాలు చూడాలి. కంపెనీల దరఖాస్తుల్లోంచి కొన్నిటినే ఎంపిక చేసే హెచ్1బీ లాటరీ యూనివర్సిటీలకు అవసరం లేదు.

తేదీల సంగతి ఆమెకు తెలుసు, మీకూ తెలియాలి. ఓపీటీలో నిరుద్యోగంగా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. ఏడు వారాలంటే 49 పోయాయి, 41 మిగిలాయి. చదివిన సబ్జెక్టులోనే ప్రొఫెసర్ దగ్గర వారానికి కనీసం 20 గంటలు, నిబంధనలకు లోబడి జీతం లేకుండా పని చేసినా, ఈ మొదటి దశలో ఆ లెక్క ఆగుతుంది. కాలేజీలోని ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసుతో మాట్లాడి, పోర్టల్‌లో నమోదు చేయాలి. ఈ వారమే అడగమనండి.

మీరు పోలిక అడిగారు. ఈ రెండింట్లోనే ఎంచుకోవాలంటే వెనక్కి రావడమే మేలంటాను. అయితే అది ఇవాళ కాదు, 90 రోజులు నిండే ముందు. తిరిగొస్తే మళ్లీ వెళ్లడం కష్టమన్నది నిజం, దాన్ని దాచను. విదేశీ కంపెనీలు హైదరాబాద్‌లో నడిపే గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లలో పని దొరకొచ్చు, కానీ అమెరికా డిగ్రీ ఉందని జీతం రెట్టింపు చేయరు. కొన్నిచోట్ల ఫ్రెషర్ జీతమే ఇస్తారు. అందుకే అక్కడి నుంచే ఇప్పుడే ఇక్కడ కూడా అప్లై చేయాలి. సంబంధం వాళ్లతో ఆ మాట ఇక్కడితో ఆపేయడం మంచిది. లాటరీ తేల్చే విషయం మీద పెళ్లి నిలబెట్టేవాళ్లతో మీకెందుకు?

లోను మాత్రం నిజమైన బరువే. 40 లక్షలకు 11 శాతం చొప్పున పదేళ్లకు నెలకు దాదాపు 55 వేలు, పదిహేనేళ్లకు 45 వేలు కట్టాలి. ఇప్పటిదాకా పోగైన వడ్డీ అసలుకు కలిస్తే ఇంకా పెరుగుతుంది. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంతో ఆమె ఒక్కతే మోయలేదు, మొదట్లో మీరూ పట్టాలి. ప్రభుత్వ బ్యాంకుల్లో సాధారణంగా చదువయ్యాక ఏడాది వరకు వాయిదాలు మొదలుకావు. బ్యాంకు వాళ్లు ఫోన్ చేసేదాకా ఆగకుండా మీరే వెళ్లి, గడువు పదిహేనేళ్లకు పెంచుతారేమో కనుక్కోండి. మీరు పాత పన్ను విధానంలో ఉంటే, కట్టే వడ్డీకి ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంటుంది, దానికి సర్టిఫికెట్ అడగండి. వెళ్లేటప్పుడు శాంక్షన్ లెటర్ మర్చిపోవద్దు, మారటోరియం (వాయిదాలు మొదలుకాని గడువు) ఎప్పటిదాకా ఉందో అందులోనే ఉంటుంది.