చదువుల సందేహాలు: సమన్వయం లేని వ్యాసానికి మార్కులు ఎందుకు రావు?

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం న్యూజెర్సీలో ఉంటోంది. మనవరాలు పదకొండో తరగతి చదువుతూ, వచ్చే మే నెలలో ‘ఏపీ ఇంగ్లీష్ లాంగ్వేజ్ అండ్ కాంపొజిషన్’ అనే పరీక్ష రాయబోతోంది. ప్రతి ఆదివారం ఉదయం మేమిద్దరం వీడియోలో మాట్లాడుకుంటాం. తను రాసిన వ్యాసాలు నాకు పంపుతుంది. వాటిలో వ్యాకరణ దోషం నాకు ఒక్కటీ కనిపించదు, అయినా ఆరుకు మూడు మార్కులు దాటడం లేదు. ‘సారాంశం చెబుతున్నావు, విశ్లేషణ చేయడం లేదు’ అని వాళ్ళ టీచరు ప్రతిసారీ రాస్తున్నారట. నేను పాతకాలపు బి.ఎ. చదివి, ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయినవాణ్ణి. ఇంత దూరం నుంచి ఈ పిల్లకు నేను ఏం సాయం చేయగలను?
— ఒక తాతగారు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: అయ్యా, ఏపీ అనగానే సరిహద్దుకు ఈవల ఒడిశాలో ఉన్న మనకు ఆంధ్రప్రదేశే గుర్తొస్తుంది కనుక, మిగతా పాఠకుల కోసం ముందుగా ఒక మాట చెబుతాను. ఇక్కడ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూలు పిల్లలకు కాలేజీ మొదటి సంవత్సరపు స్థాయిలో కాలేజ్ బోర్డ్ అనే అమెరికా సంస్థ నడిపే పరీక్షల్లో ఇది ఒకటి. మొత్తం 3 గంటల 15 నిమిషాల పరీక్షలో మొదటి గంట 45 బహుళైచ్ఛిక ప్రశ్నలకు, మిగిలిన 2 గంటల 15 నిమిషాలు మూడు వ్యాసాలకు కేటాయించారు. వ్యాసాల వాటా 55 శాతం. ఒకటి ఇచ్చిన ఆధారాలను కలుపుకొని రాసేది, రెండోది ఒక రచయిత మాటతీరును విశ్లేషించేది, మూడోది సొంత వాదన.

ఒక్కో వ్యాసానికి ఆరు మార్కులు. స్పష్టమైన ప్రతిపాదన చేసినందుకు 1, ఆధారానికీ దాని మీద వ్యాఖ్యానానికీ కలిపి 4, ఆలోచనలోని లోతుకు 1 ఇస్తారు. మీ మనవరాలికి ప్రతిపాదన మార్కు వస్తోందనీ, ఆధారాలు చూపినందుకు మరో రెండు వస్తున్నాయనీ, వ్యాఖ్యానం దగ్గరే బండి ఆగిపోతోందనీ ఆ మూడు మార్కులను బట్టి నాకు అనిపిస్తోంది.

ఈ వ్యాఖ్యానం అనేది మీకు తెలియని విద్య కాదు. మన తెలుగు తరగతిలో అలంకారాల ప్రశ్నకు లక్షణం రాసి, లక్ష్యంగా ఒక పద్యపాదం చూపి, సమన్వయం రాయకుండా వదిలేస్తే పంతులుగారు సగం మార్కులు కోసేసేవారు కదా. ఈ పద్యంలో ఉపమేయం ఏది, ఉపమానం ఏది, రెండింటినీ కలిపిన ధర్మం ఏది, దానివల్ల అర్థం ఎలా వెలిగింది అని విడమరచి చెప్పినప్పుడే జవాబు పూర్తయినట్టు. అమెరికా పరీక్షలో ఆ నాలుగు మార్కులు ముఖ్యంగా అడిగేది ఈ సమన్వయాన్నే. అక్కడి పిల్లలు ఈథోస్ (మాట్లాడేవాడి మీద నమ్మకం), పేథోస్ (వినేవాడి మనసు కదిలించడం), లోగోస్ (తర్కం) అని గ్రీకు పేర్లు నేర్చుకొని, ‘రచయిత ఇక్కడ పేథోస్ వాడాడు’ అని రాసి ఊరుకుంటారు. అది లక్షణం రాసి లేచిపోవడమే.

ఇందుకు మీ ఇద్దరికీ పనికివచ్చే పాఠం ఒకటుంది. 2019 పరీక్షలో విశ్లేషణ ప్రశ్నకు గాంధీ గారు వైస్రాయ్ ఇర్విన్‌కు రాసిన ఉత్తరం చివరి భాగాన్ని ఇచ్చారు. 1930 మార్చి 12న దండియాత్ర మొదలయింది, అంతకు పది రోజుల ముందు, మార్చి 2న రాసిన ఉత్తరం అది. గంజాం జిల్లా హుమ్మ దగ్గర ఉప్పు మళ్ళు చూసిన మీకు ఉప్పు మీద పన్ను అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు, కాని న్యూజెర్సీలో పుట్టిన పిల్లకు మీరే చెప్పాలి. పేదవాడి గంజిలో పడే చిటికెడు ఉప్పు మీద సర్కారు పన్ను వేసిందంటే ఆ ఇంట్లో ఏమవుతుందో తెలిస్తేనే, అన్ని అన్యాయాలుండగా గాంధీ ఉప్పునే ఎందుకు ఎంచుకున్నారో ఆమెకు అర్థమవుతుంది. పేదల కోసం సాగే పోరాటం పేదవాణ్ణి అందరికన్నా ఎక్కువ బాధించే పన్నుతోనే మొదలు కావాలని ఆయనే ఆ ఉత్తరంలో వివరించారు.

ఇక ముగింపులోని ఒక చోటును దగ్గరగా చూద్దాం. నన్ను నిర్బంధించి ఈ ప్రయత్నాన్ని ఆపడం మీ చేతిలో పని అని గాంధీ వైస్రాయ్‌తో అంటారు. వెంటనే, నా తరువాత ఈ పనిని క్రమశిక్షణతో అందుకోవడానికి వేల మంది సిద్ధంగా ఉంటారని ఆశిస్తున్నానంటారు. మరికాస్త కింద, ఇది బెదిరింపు కాదు, శాసనోల్లంఘనకు పూనుకున్నవాడి విధి మాత్రమే అంటారు. మీ మనవరాలు ఇప్పుడు దీని గురించి బహుశా ‘గాంధీ వినయంగా మాట్లాడి ఇర్విన్‌ను ఒప్పించడానికి ప్రయత్నించాడు’ అని రాస్తుంది. అందులో తప్పేమీ లేదు, కాని అది ఏ ఉత్తరానికైనా అతికే వాక్యం. సమన్వయం చేసే వాక్యం ఇలా ఉంటుంది: ‘తనను అరెస్టు చేసే అధికారం ఇర్విన్‌కు ఉందని ముందుగా తానే ఒప్పుకోవడం ద్వారా గాంధీ ఆ అధికారానికి గౌరవం ఇస్తున్నాడు. మరుక్షణంలో వేల మంది అనుచరులను ప్రస్తావించి, ఆ అధికారాన్ని వాడినా ఫలితం ఉండదని చూపిస్తున్నాడు. బెదిరింపు కాదని తరువాత చెప్పిన మాటను ఇర్విన్ నమ్మగలిగేది, అంతకు ముందటి మాటల్లో కోపం ఎక్కడా లేదు కాబట్టే.’ ఇక్కడ ఒక్క గ్రీకు మాట కూడా లేదు. అయినా ఎవరు, ఎవరితో, ఏ మాట తరువాత ఏ మాట, ఎందుకు అన్నారో తేలిపోయింది.

ఆ ఉత్తరాన్ని ఒక ఆంగ్లేయ యువకుడి చేతికిచ్చి పంపుతున్నానని ఉత్తరంలోనే రాయడం ఇంకా గొప్ప విషయం. ఈ పోరాటం ఆంగ్లేయుల మీద కాదనడానికి, ఉత్తరం పట్టుకొని వచ్చి వైస్రాయ్ గుమ్మంలో నిలబడిన మనిషే సాక్ష్యం. దీని మీద మీ మనవరాలి చేత ఒక్క పేరా రాయించండి.

మీరు చేయవలసిన సాయం వ్యాకరణం దిద్దడం కాదు. దయచేసి ఆ ఎర్రకలాన్ని పక్కన పెట్టండి. ఆదివారం ఆమె ఒక పేరా చదివి వినిపిస్తే, ప్రతి వాక్యం తరువాత ‘అయితే ఏమిటమ్మా?’ అని అడగండి. ఆమె జవాబు చెప్పాక, ‘ఈ వాక్యాన్ని ఉత్తరంలోంచి తీసేస్తే చదివేవాడు ఏం కోల్పోతాడు?’ అని మరో ప్రశ్న వేయండి. ఆమె నోటితో చెప్పే ఆ రెండో జవాబే, నూటికి తొంభైసార్లు, వ్యాసంలో రాయకుండా వదిలేసిన వ్యాఖ్యానం. జవాబు తెలుగులో వచ్చినా ఫరవాలేదు, ఆలోచన తెలుగులో తేటపడ్డాక ఇంగ్లీషులో పెట్టడం ఆ పిల్లకు క్షణం పని. పాత ప్రశ్నలూ, విద్యార్థులు రాసిన నమూనా వ్యాసాలూ, వాటికి మార్కులు ఎందుకిచ్చారో వివరించే వ్యాఖ్యలూ కాలేజ్ బోర్డ్ వారి ఏపీ సెంట్రల్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. వ్యాఖ్యను మూసిపెట్టి, ఆ నమూనా వ్యాసానికి తాతామనవరాళ్ళిద్దరూ విడివిడిగా మార్కులు వేసి, ఆ తరువాత పోల్చి చూసుకోండి. నా విద్యార్థులకు ఇంతకన్నా త్వరగా కళ్ళు తెరిపించిన పద్ధతి నాకు మరొకటి కనిపించలేదు.

మీ ఊరి నుంచే ఒక ఆదర్శం ఉంది కనుక అదీ చెప్పాలి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం వాదించినప్పుడు, ఎదుటి పక్షం ప్రమాణంగా ఎంచే పాత గ్రంథాల నుంచే ఉదాహరణలు ఏరి, ప్రతిదాని దగ్గరా ఆగి, ఇది ఏం రుజువు చేస్తుందో చెప్పారు. ఎదుటివాడు కాదనలేని ఆధారం ఎంచుకోవడం, దాని దగ్గర ఆగడం అన్న ఆ రెండు అలవాట్లనూ మీ మనవరాలికి కథగా చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి వరకూ రాయగడలోనే చదివి, రెండేళ్ళ కిందట వాళ్ళ నాన్న దగ్గరకు టెక్సస్ వెళ్ళాడు. ఇదే పరీక్ష రాస్తున్నాడు. తన ఇంగ్లీషు అక్కడి పిల్లల ఇంగ్లీషులా లేదనీ, అందుకే మార్కులు తగ్గుతాయనీ దిగులు పడుతున్నాడు. అది నిజమేనా?
— ఒక తల్లి, రాయగడ

జవాబు: అమ్మా, ఆ దిగులులో నిజం చాలా తక్కువ. వ్యాసాల మార్కుల పట్టికలో భాషాదోషాల గురించి చెప్పిన మాట ఏమిటంటే, భావం అందకుండా అడ్డుపడేంత దోషాలుంటే ఆధారం–వ్యాఖ్యానం వరుసలోని నాలుగో మార్కు రాదు. అంటే చిన్న చిన్న జారుపాట్లకు మార్కులు కోయరు, చదివేవారికి అర్థం కాకపోతేనే నష్టం. మీ అబ్బాయి పొడుగు వాక్యాలు రాసి చిక్కుపడుతుంటే, వాటిని రెండుగా విరవమనండి. పెద్ద పెద్ద మాటలు కంఠస్థం చేసి చివరి ఒక్క మార్కు కోసం వ్యాసానికి అద్దవద్దని గట్టిగా చెప్పండి. ఆ మార్కు ఒక మెరిసే వాక్యానికి రాదు, ఎదుటి పక్షంలోని న్యాయాన్ని కూడా చూసి వాదన మొత్తాన్ని నడిపినప్పుడు వస్తుంది.

నిజానికి మీ అబ్బాయి చేతిలో అక్కడి తోటి పిల్లల్లో చాలామందికి లేని సరుకు ఉంది. 2016లో ఆధారాలు కలిపి రాసే ప్రశ్న, ఇంగ్లీషు ఒక్కటే తెలిసినవారికి ఈ రోజుల్లో నష్టం ఉందా అన్నదే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో హిందీ, సంతలో ఆదివాసీల కువి భాష మాటలు వింటూ పెరిగిన పిల్లవాడి కన్నా దీని మీద ఎవరు బాగా రాయగలరు? సంతలో చింతపండు అమ్మే ఆదివాసీ స్త్రీతో ఆమె భాషలో రెండు మాటలు కలిపితే బేరం తీరు ఎలా మారుతుందో చూసినవాడు, దాన్ని నాలుగు వాక్యాల్లో రాస్తే ఏ గణాంకమూ ఇవ్వలేని బలం వస్తుంది. అయితే ఒక జాగ్రత్త చాలా అవసరం. ఈ ప్రశ్నకు ఇచ్చే ఆరు ఆధారాల్లో కనీసం మూడింటిని వాడి తీరాలి. సొంత అనుభవం వాటికి తోడుగానే నిలవాలి, వాటి స్థానంలోకి రాకూడదు. సొంత వాదన రాసే మూడో వ్యాసంలో ఆ నియమం లేదు, అక్కడ రాయగడను ధైర్యంగా తెచ్చుకోవచ్చు.

ఆధారాలను వాడడమంటే వరుసగా ‘మొదటి ఆధారం ఇలా అంటోంది, మూడోది అలా అంటోంది’ అని అప్పజెప్పడం కాదు. మన ఇళ్ళలో పెళ్ళిమాటలకు పెద్దలు కూర్చున్నప్పుడు, ఒకరి మాటను మరొకరు ఎక్కడ బలపరిచారో, ఎక్కడ కాదన్నారో గమనించి, చివరకు ఇంటిపెద్ద తన మాట చెబుతాడు. వ్యాసంలో మీ అబ్బాయి కూర్చోవలసింది ఆ ఇంటిపెద్ద స్థానంలో.

ప్రశ్న: బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తెలియనివి వదిలేయడం మంచిదా? పరీక్ష కంప్యూటరు మీద అంటున్నారు, అందుకు వేరే సాధన కావాలా? మా చెల్లెలి కోసం అడుగుతున్నాను.
— ఒక అన్నయ్య, గుణుపురం

జవాబు: ఒక్కటి కూడా వదిలేయవద్దు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు, ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులే ఇస్తారు. 45 ప్రశ్నల్లో 23 నుంచి 25 దాకా చదివి అర్థం చేసుకునేవి. మిగిలినవి ఎవరో రాసిన చిత్తుప్రతిని మెరుగుపరిచేవి, అంటే ఈ వాక్యం ఎక్కడ ఉండాలి, ఈ పేరాకు ఏ ఆధారం నప్పుతుంది అనే రకం. వ్యాసం రాయడం సాధన చేసే పిల్లలకు ఈ రెండో రకం తేలిగ్గా వస్తుంది కనుక, సమయం తక్కువ పడే అలవాటు ఉంటే మీ చెల్లెల్ని వాటితో మొదలుపెట్టమనండి.

2025 మే నుంచి పరీక్ష మొత్తం బ్లూబుక్ అనే యాప్‌లోనే జరుగుతోంది, వ్యాసాలు టైపు చేయాలి. కాబట్టి ఇంట్లో రాసే ప్రతి వ్యాసమూ కీబోర్డు మీదే, గడియారం పెట్టుకొని, 40 నిమిషాల్లో ముగించాలి. వ్యాసాల భాగానికి ముందున్న 15 నిమిషాలు చదువుకోవడానికి ఇచ్చినవి. ఆ సమయంలో మూడు ప్రశ్నలూ చూసి, ఆరు ఆధారాల్లో తనకు పనికివచ్చే మూడింటినో నాలుగింటినో ఎంచుకొని, ఒక్కొక్కదాని పక్కన ‘ఇది నా మాటకు ఎలా సాయపడుతుంది’ అని ఐదారు మాటల్లో రాసి పెట్టుకోమనండి.