గంజాయి అమ్మకాన్ని చట్టబద్ధం చేస్తే రాష్ట్ర ఖజానా నిండిపోతుందా?

నిండదు. అమెరికాలో కొలరాడోనే చూడండి, 2014 జనవరి 1న దుకాణాల్లో అమ్మకాలు మొదలయ్యాయి. హోల్‌సేల్ మీద 15 శాతం ఎక్సైజ్, చిల్లర కొనుగోలు మీద మరో ప్రత్యేక సేల్స్ ట్యాక్స్: మొదట 10 శాతం, 2017లో 15కి పెంచారు. పన్నులు, ఫీజులు కలిపి 2021లో 40 కోట్ల డాలర్లు దాటాయి కానీ, తర్వాత గంజాయి ధరలు పడిపోయి, పక్కనున్న న్యూ మెక్సికోలో కూడా దుకాణాలు తెరుచుకోవడంతో 2023కల్లా 30 కోట్ల లోపుకి జారింది. చిన్న మొత్తమేం కాదు, బడి భవనాలకు బాగానే పనికొచ్చింది, లైసెన్సులు, తనిఖీల ఖర్చు కూడా ఫీజుల్లోంచే చాలావరకు వస్తుంది. కాకపోతే మొత్తం రాష్ట్ర బడ్జెట్‌లో ఇది ఒక శాతం అటూ ఇటూ, అంతే. పైగా ఏటా ఊగిసలాడే ఈ డబ్బును నమ్ముకుని జీతాల్లాంటి శాశ్వత ఖర్చులు పెట్టుకోవడం, నా లెక్కలో, ఆర్థిక శాఖ చేయకూడని పని.