పాంటియాక్ గోడల గురించి రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

అమెరికాలో రూట్ 66 అనే పాత హైవే మీదున్న పాంటియాక్ ఊళ్ళో గోడల మీద బొమ్మల గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివా, మొదటిసారి బస్సులో ఫోన్లో, రెండోసారి ప్రింట్ తీసి పెన్ను పట్టుకుని. బాగుంది అని వదిలేయొచ్చు గానీ నువ్వు అడిగింది అది కాదు కదా.

మొదటి పేరా మొత్తం కొట్టేయ్. రూట్ 66 1926లో మొదలైంది, షికాగో నుంచి శాంటా మోనికా దాకా 2,448 మైళ్ళు, 1985లో హైవేల లిస్టులోంచి తీసేశారు, అన్నీ నిజాలే, కానీ గుమ్మంలోనే నిలబెట్టి లెక్కలు చెప్తే లోపలికి ఎవడొస్తాడు. ఆ 1985ని దాచుకో. ఆ ఊరి రూట్ 66 మ్యూజియం వెనక గోడ మీద పెద్ద రూట్ 66 షీల్డ్ బొమ్మ ముందు జనం ఫోటోలు దిగుతున్నారని రాశావే, అక్కడ పెట్టు. లిస్టులో లేని రోడ్డు బోర్డు ముందు నవ్వుతూ నిలబడ్డారని తెలిస్తే అప్పుడు గుచ్చుకుంటుంది ఆ సంవత్సరం.

"రంగులు నాతో మాట్లాడాయి" అన్నావు. మాట్లాడవు. (నేనూ ఒకప్పుడు చెట్లతో, గోడలతో, చివరికి ఒక పంపుసెట్టుతో కూడా మాట్లాడించా, ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.) రంగు ఎలా పడిందో చెప్పు. 2009లో వాల్‌డాగ్స్ అని సైన్‌బోర్డులు రాసే ఆర్టిస్టుల గుంపు దిగి నాలుగు రోజుల్లో 18 గోడలు వేసిందంటే ఎలా కుదిరిందని నీకు డౌట్ రాలేదా? బొమ్మని ముందే పెద్ద కాగితం మీద గీసి, గీతల వెంట సన్న చిల్లులు పెట్టి, గోడకి ఆనించి పొడి అద్దుతారు, కాగితం తీస్తే గోడ మీద చుక్కల్లో బొమ్మ ఉంటుంది, ఇక రంగు నింపడమే. మగ్గం వర్క్‌లో జాకెట్టు ముక్క మీద డిజైన్ దింపేదీ ఇంతే కదా, మీ అమ్మ చేసే పనే, నీకన్నా బాగా ఎవడు రాస్తాడు అది.

మ్యూజియంలో ఉన్న బాబ్ వాల్డ్‌మైర్ బండిని "వింటేజ్ వ్యాన్" అని ఒక్క మాటతో తేల్చేశావు. ఆ రోడ్డు బొమ్మలూ మ్యాపులూ గీసుకుంటూ తిరిగిన మనిషి ఆయన, స్కూల్ బస్సుని ఇల్లు చేసుకున్నాడు, ఆ బస్సూ అక్కడే ఉంది, చూశావా అసలు?

నాకు కోపం వచ్చింది మాత్రం నాలుగో పేజీలో. "ఒక పెద్దాయన ఎక్కడ్నుంచి అని అడిగాడు, చెప్పాను." అంతేనా? ఫోన్లో నాతో ఏమన్నావు? ముందు దగ్గర్లోని బ్లూమింగ్టన్ అన్నావట, అంతకుముందు అంటే నల్గొండ వైపు, విజయవాడ హైవే మీద ఊరు అన్నావట, ఆయనేమో హైవే ఇంకా ఊళ్ళోంచే పోతోందా అని అడిగాడట. బైపాస్ పడ్డాక మీ నాన్న టిఫిన్ సెంటర్ ఏమైందో గుర్తొచ్చి నీకు మాట రాలేదట. అదంతా ఎందుకు మింగేశావు? పాత రోడ్డు బదులు ఊరి పక్కనుంచి పోయే కొత్త హైవే ఐ-55 మీద 70 మైళ్ళ స్పీడులో పోయే కారుని ఒక్కసారి ఎగ్జిట్ తీసుకుని మా ఊరు చూసిపో అని అడగడానికే కదా ఆ ఊరు అన్ని గోడలకి రంగులేసుకుంది. అట్లా అడగాల్సి రావడం ఏంటో నీకు ఇంట్లోనే తెలుసు. అక్కడ మొదలుపెట్టు. ఏడుపు మాత్రం వద్దు, బైపాస్‌కి ముందు పొద్దున్నే ఎన్ని ఇడ్లీ ప్లేట్లు లేచేవో, తర్వాత ఎన్నో, అది రాస్తే చాలు.

వచ్చే నెల మళ్ళీ వెళ్తానన్నావు కదా, ఫోటోలు తగ్గించు, పెద్దాయన కనిపిస్తే ఆయన చిన్నప్పుడు ఆ రోడ్డు మీద ఏ కొట్లు ఉండేవో అడుగు. రెండో డ్రాఫ్ట్ వర్డ్ ఫైల్లో పంపు, పీడీఎఫ్ వద్దు, దాంట్లో కొట్టివేతలు నాకు చేతకావట్లేదు.

మీ అన్న