బ్యాండ్ మాస్టారు అవుతానంటున్నాడు మావాడు

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. మావాడికి 20 ఏళ్లు, యూనివర్సిటీలో మ్యూజిక్ ఎడ్యుకేషన్ మూడో ఏడు. స్నేర్ డ్రమ్ (పుల్లలతో వాయించే డ్రమ్) వాయిస్తాడు. వచ్చే వేసవిలో డ్రమ్ కోర్‌లో (ఊరూరా తిరుగుతూ మైదానాల్లో వాయిస్తూ కవాతు చేసే కుర్రాళ్ల బృందం) చేరతాడట, చదువయ్యాక హైస్కూల్లో బ్యాండ్ డైరెక్టర్ అవుతాడట. ‘‘బ్యాండు మేళం వాయించడానికా ఇంత దూరం వచ్చింది?’’ అన్నారు మావారు. నెల రోజులుగా తండ్రీకొడుకులకు మాటల్లేవు.

జవాబు: అమ్మా, వేసవి సంగతి వేరు, బతుకుతెరువు వేరు. మీ ఇంట్లో రెండూ కలిసి ముడిపడ్డాయి. ముందు వాటిని విడదీయండి.

డ్రమ్ కోర్‌లో 22 ఏళ్ల దగ్గర తలుపు మూసుకుంటుంది. అందుకే మీవాడి తొందర. అయితే అది ఉద్యోగం కాదు, జీతం రాకపోగా మనమే వేల డాలర్లు కట్టాలి. చలికాలంలో ఆడిషన్లు, క్యాంపులు. మే నెలాఖరు నుంచి ఆగస్టు దాకా రోజుకు పది పన్నెండు గంటల సాధన, రాత్రి బస్సు ప్రయాణం, స్కూలు జిమ్ నేల మీద పడక. ఫీజులో ఏమేం వస్తాయి, క్యాంపులకు విమానం ఖర్చు ఎవరిది, మధ్యలో దెబ్బ తగిలి తిరిగొస్తే డబ్బు వెనక్కిస్తారా, ఈ మూడూ అతన్నే రాతపూర్వకంగా తెప్పించమనండి. ఎంత మీరిస్తారో, ఎంత తను సంపాదించుకోవాలో ముందే తేల్చుకోండి. డ్రమ్‌లైన్ (డ్రమ్ములు వాయించేవాళ్ల వరస) మధ్యలో నిలబడితే చెవులు దెబ్బతింటాయి, పోయిన వినికిడి తిరిగి రాదు. ఆడియాలజిస్టు దగ్గర కొలత తీసుకుని ఇయర్‌ప్లగ్‌లు చేయించండి. ఇందులో మాత్రం బేరం వద్దు.

ఇక ఉద్యోగం. బ్యాండ్ డైరెక్టరంటే సర్టిఫికెట్ ఉన్న ఉపాధ్యాయుడు. జీతం, పింఛను, బ్యాండ్ బాధ్యతకు అదనపు భత్యం ఉంటాయి. కష్టం పని గంటల్లో ఉంది: జులై చివర్లోనే బ్యాండ్ క్యాంపు మొదలు, శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆట, అక్టోబరు శనివారాలు పోటీలు. దసరా, చాలా ఏళ్లు దీపావళి కూడా ఆ సీజన్లోనే పడతాయి. రేపు పెళ్లయితే ఆ అమ్మాయికి ఇది ముందే చెప్పాలి. ఇంకొకటి, డ్రమ్ కోర్‌లో బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఇత్తడి వాద్యాలు), పెర్కషన్ (డ్రమ్ములు వగైరా), జెండాలు తిప్పే కలర్ గార్డే ఉంటాయి. ఫ్లూట్, క్లారినెట్ లాంటి వుడ్‌విండ్ వాద్యాలు ఉండవు. స్కూల్లోనేమో ఆరో తరగతి పిల్లకు క్లారినెట్ పట్టుకోవడం నేర్పాల్సింది ఇతనే. డ్రమ్ మోజులో పడి వుడ్‌విండ్ క్లాసులు తేలిగ్గా తీసుకుంటే మొదటి ఏడాదే దొరికిపోతాడు. డిగ్రీలో భాగంగా స్కూల్లో పాఠాలు చెప్పే స్టూడెంట్ టీచింగ్ సెమిస్టర్‌లో సాధారణంగా జీతం ఉండదు, ఆ నెలల ఖర్చుకు డబ్బు ఇప్పట్నుంచే పక్కన పెట్టుకోవాలి.

మీవారిని కుదిపింది డబ్బు లెక్క కాదనిపిస్తోంది, ‘మేళం’ అన్న మాటకు మన ఊళ్లలో ఉన్న చిన్నచూపు. పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదే మనిషిదీ ఏళ్ల తరబడి చేసిన సాధనే. ఆ మాట కొడుక్కి ఎంత లోతుగా తగిలిందో మీరు ఊహించగలరు. దాన్ని మీవారే వెనక్కి తీసుకోవాలి. ఇద్దరి మధ్యా కబుర్లు మోయడం ఇవాళే మానేయండి. మీరు మోస్తున్నంత కాలం వాళ్లకు మాట్లాడుకోవాల్సిన అవసరం రాదు.

అక్టోబరులో ఒక శనివారం మీవారిని మార్చింగ్ పోటీకి తీసుకెళ్లండి, స్టాండ్స్‌లో పైవరసలో కూర్చోండి. ఐదు గజాలకు ఎనిమిది అంగలు, అంటే అంగకు 22.5 అంగుళాలు. వందమందికి పైగా పిల్లలు వాయిస్తూనే ఆ కొలత తప్పకుండా నడుస్తారు. దాన్ని నేర్పేవాడు పక్కన నిలబడి ఉంటాడు, అతన్ని చూపించండి. మీవాణ్నీ రమ్మనండి. అది ఎలా నేర్పుతారో వాళ్ల నాన్నకు అతన్నే చెప్పనివ్వండి.