మల్లంపల్లి దగ్గర ఆ గంటసేపు ఎందుకు దాచారు?

ప్రశ్న: మాది హనుమకొండ. ములుగు దగ్గర ఉపాధ్యాయురాలిని. రానూ పోనూ రోజుకు నూరు కిలోమీటర్లు. మావారి ఆఫీసు నక్కలగుట్టలో, ఇంటికి మూడు కిలోమీటర్లే. 2012 నాటి చిన్న పెట్రోలు కారులో నేను వెళ్తాను. దాని అద్దం చేత్తో పట్టి లాగితే గానీ పైకి రాదు. నిరుడు కొన్న పెద్ద డీజిల్ కారు మావారిది. ఆయన హోదాకు అదే ఉండాలని అత్తయ్య అంటారు. వాయిదాలో సగం నా జీతం నుంచే పోతోంది. వానాకాలంలో ఒక సాయంత్రం మల్లంపల్లి దాటాక బండి ఆగిపోయి, గంటసేపు తడుస్తూ నిలబడ్డాను. ఇంట్లో మీటింగు ఆలస్యమైందని చెప్పాను. ఖర్చు తగ్గాలంటే ఏ కారు ఎవరు నడపాలి?

జవాబు: అమ్మా, డీజిల్ కారుకు ఎక్కువ పెట్టిన డబ్బు దూరం తిరిగితేనే గిట్టుబాటవుతుంది. పైగా 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ కార్లలో పొగ వెళ్లే దారిలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. ఇంజను వేడెక్కి కాసేపు నిలకడగా పరుగెత్తితేనే ఆ మసి కాలుతుంది. రోజూ మూడు కిలోమీటర్లకే ఆపేస్తే పేరుకుపోతుంది. కాబట్టి పెద్ద కారు ములుగుకు, చిన్నది నక్కలగుట్టకు. ఇది మీ ఇద్దరికీ తెలియని లెక్కేమీ కాదు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ మీటింగు మాట. కట్టుకున్నవాడికి ఫోను చేసి ‘బండి ఆగింది, రండి’ అనలేకపోయారా? తడిసిన చీర చూసైనా ఆయన అడగలేదా? మీరు చెప్పడం మానేశారు, ఆయన అడగడం మానేశారు. ఇది కారు కొనకముందే మొదలైంది.

అత్తగారిని మధ్యలోకి తేకండి. కొడుకు గొప్పగా కనిపించాలని ఏ తల్లికి ఉండదు? మాట్లాడవలసింది ఆవిడతో కాదు, ఆవిడ చేత చెప్పించడం అసలే వద్దు. వాయిదాలో సగం కడుతున్నానన్న మాట కూడా ఎత్తకండి. రూపాయి సంపాదించని ఇల్లాలికైనా క్షేమంగా ఇల్లు చేరే హక్కుంది. సర్దుకుపొమ్మని నేనూ ఎందరికో చెబుతాను, పండగకు ఎవరింటికి వెళ్లాలనే దగ్గర. వానలో రోడ్డు పక్కన ఒంటరిగా నిలబడే దగ్గర మాత్రం చెప్పను.

ఈ ఆదివారం పాత కారు ఆయన చేత నడిపించుకుంటూ మల్లంపల్లి దాకా వెళ్లండి. అద్దం ఆయన్నే ఎత్తుకోనివ్వండి. బండి ఆగిన చోట ఆపించి, ఆ సాయంత్రం జరిగింది మొదటి నుంచి చెప్పండి. తాళాల సంగతి తిరుగు దారిలో మాట్లాడుకోవచ్చు.