పది, పన్నెండు వేల మౌంటెన్ సైకిల్ కొత్తవారికి దండగా?

దండగ కాదు, కానీ ఆ డబ్బు దేనికి పోతోందో చూసి కొనండి. ఈ ధరలో వెనక కూడా సస్పెన్షన్, అంటే కుదుపులు తగ్గించే స్ప్రింగు, ఉందంటే వద్దనే చెబుతాను. బరువు పెరుగుతుంది, కాలి బలంలో కొంత ఆ స్ప్రింగే మింగేస్తుంది. 21 గేర్లు అనగానే మురిసిపోవద్దు. ముందు 3, వెనక 7 పళ్లచక్రాల లెక్క అది, వాటిలో చాలావరకు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి.

దుకాణంలోనే వెనక చక్రం పైకెత్తి తిప్పండి. రిమ్ము పక్కలకు ఊగకూడదు. ముందు బ్రేకు నొక్కి సైకిల్‌ను ముందుకు తోయండి. హ్యాండిల్ దగ్గర టక్కుమంటే అక్కడి బేరింగు వదులుగా ఉన్నట్టే.

ప్రకాశం బ్యారేజీ మీదుగా తాడేపల్లి వెళ్లిరావడానికి బొడిపెల టైర్లు భారమే. కొండపల్లి మట్టిదారులకైతే పట్టు ఇస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం ఫ్రేమ్ మీ ఎత్తుకు సరిపోవడం. హెల్మెట్‌కు కొంత డబ్బు తప్పక మిగుల్చుకోండి.